లాంతరు గ్లాసులో అల్లుడు

మా పెళ్ళయిన రెండో ఏడు మా ఆయన నాకొక పొట్లం తెచ్చి చేతిలో పెట్టారు. అంతకు ముందు ఆయన నాకోసం పొట్లం తేవడం నేనెరగను. అందుకని కాస్త సిగ్గుపడి, అత్తగారు చూడకుండా వంటింటి తలుపు చాటుకు వెళ్ళి విప్పాను. లోపల నశ్యంలాంటి పొడి ఉంది.

"తుమ్మమాక!" అని వెనకనుంచి ఒక్క కేక పెట్టారు. "తుమ్మితే తోపు తోపంతా ఎగిరిపోద్ది!"

అవి యూకలిప్టస్ గింజలట.

మా ఆయన రెంటచింతలలో మిషను బడి మేష్టరు. యుద్ధం జరుగుతున్న రోజులవి. ఫాదరుగారికి మైసూరు వైపు నుంచి తెలిసినవాళ్ళెవరో ఆ గింజలు పంపారు. ఆయన వాటిని మా ఆయన చేతిలో పెట్టారు. బడిలో ఎవరికీ అక్కర్లేని పని ఏదున్నా చివరికి మా ఆయన చేతికే వచ్చేది. ఆయన మాత్రం దాన్ని తనకు దక్కిన గౌరవం కింద లెక్కవేసుకునేవారు.

మా ఊరి ఎండ సంగతి తెలియనివాళ్ళకు ఒక్క మాట చెబుతాను. వేసవిలో మధ్యాహ్నం తలుపు గొళ్ళెం తియ్యాలంటే కొంగు చుట్టుకొని తీసేవాళ్ళం. అట్లాంటి చోట ఇంటి చుట్టూ చెట్లుంటాయంటే నాకు సంతోషమే వేసింది. అత్తగారికి మాత్రం నమ్మకం కుదరలేదు.

"దానికి కాయ కాస్తదా?" అని అడిగింది.

"కాయదమ్మా."

"పువ్వు పెట్టుకోవచ్చా?"

"పెట్టుకోలేం."

"నీడన్నా ఉంటదా?"

మా ఆయన కాసేపు ఆలోచించారు. "సన్నంగా ఉంటది" అన్నారు. ఆ తర్వాత దాని గొప్పతనమంతా చెప్పారు. ఆ చెట్టున్న చోట దోమలుండవు, చలిజ్వరాలు రావు, ఆకు వాసన చూస్తే జలుబు వదిలిపోతుంది, కర్ర నిటారుగా దూలంలా పెరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి చివరికి దాచిపెట్టుకున్నారు.

"దీన్ని మేకలు కూడా తినవమ్మా! భూమ్మీద దీన్ని తినే జీవే లేదు!"

"మేక కూడా ముట్టని దాన్ని మనం పెంచాలంటావు" అని అత్తగారు లేచి లోపలికి వెళ్ళిపోయింది.

పొగాకు నారు పోసినట్టే పోశాం. గింజల్ని సన్న ఇసకలో కలిపి, బల్లపరుపు మడిలో చల్లి, పైన గడ్డి పరిచి, చేత్తో చిలకరించినట్టు నీళ్ళు పోశాం. పోశాం అంటున్నాను గాని, చల్లింది ఆయన, నీళ్ళు పోసింది నేను. బావి నుంచి బిందె మోసుకొచ్చేటప్పుడు ఆయన ఎదురొచ్చి, "మెల్లగా, మెల్లగా" అనేవారు. నా నడుం గురించేమోనని మొదట్లో అనుకునేదాన్ని. నీళ్ళు ఒలికిపోతాయని ఆయన బెంగ.

మొలిచినవాటిలో సగం ఎండకు పోయాయి. చివరికి దొడ్లో వరసగా ఎనిమిది మొక్కలు నిలబడ్డాయి. అవి నిలబడ్డ తీరు చెబితే ఆ చెట్టంటే పడనివాళ్ళు కూడా ముచ్చటపడతారు. ఏడాది తిరిగేసరికి నా ఎత్తు దాటాయి. రెండో వేసవికి ఇంటి చూరును అందుకున్నాయి. బడి నుంచి రాగానే ఆయన పంచె కూడా మార్చుకోకుండా దొడ్లోకి వెళ్ళి ఒక్కొక్క మొక్క పక్కన నిలబడి తన ఎత్తు చూసుకునేవారు. ఆయన పొట్టివారు కాబట్టి ఎప్పుడూ మొక్కలే గెలిచేవి. ఓడిపోయి అంత సంతోషంగా అన్నానికొచ్చే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆ ఏడు తొలకరి బాగా కురిసింది. వానలు పడ్డ కొద్దిరోజులకు మొక్కల తలలు వాలడం మొదలైంది. ఇవాళ పచ్చగా ఉన్న లేత కొమ్మ రేపటికి వడిలేది, ఎల్లుండికి గాలి తగిలి పుటుక్కున విరిగి వేలాడేది. చూస్తే విరిగిన చోట బెరడు చుట్టూ గీకేసి ఉంది.

మా ఆయన ముందు బడి పిల్లల్ని అనుమానించారు. తర్వాత పక్కింటి మేకను అనుమానించి, దాని నోరు వాసన కూడా చూశారు. మేక ఆయన్ని చూసిన చూపు నాకింకా గుర్తుంది.

ఆ మర్నాడు పొద్దున్నే దొడ్లోంచి కేక వినపడి అత్తగారూ నేనూ పరుగెత్తాం. ఆయన ఒక మొక్క కొమ్మను వంచి పట్టుకొని చూపిస్తున్నారు. కొమ్మను కరుచుకొని ఒక పెంకు పురుగు. చిటికెనవేలంత పొడవు, బూడిదా పసుపూ కలిసిన మట్టి రంగు, ఒంటికంటే పొడుగాటి రెండు మీసాలు. ఆయన దాన్ని వేళ్ళతో పట్టుకొని లాగగానే అది కిర్రు కిర్రుమని అరిచింది. పురుగు అరవడం మేమెవరమూ వినలేదు. అత్తగారు రెండడుగులు వెనక్కి వేసి, "దేవా!" అని శిలువ గుర్తు వేసుకుంది.

గోడ అవతలనుంచి పక్కింటి రైతు తొంగిచూశాడు. వరసకు మేం పెదనాన్న అని పిలిచేవాళ్ళం. "ఇదా? ఇది ప్రతి వానాకాలం మా తుమ్మచెట్ల మీద కనపడేదే. పాపం తుమ్మ బెరడు గీక్కుతిని బతికేది. నువ్వు దానికి పలావు వండిపెట్టినావు మేష్టరూ" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

"భూమ్మీద దీన్ని తినే జీవే లేదన్నావుగా?" అంది అత్తగారు కొడుకుతో.

అత్తగారు చెప్పు తీసి, "కింద పెట్టు, ఒక్కటిచ్చుకుంటా" అంది. ఆయన పురుగును గుండెకు అదుముకున్నంత పని చేశారు.

"ఆగమ్మా! దీన్ని చంపితే ఒకటే చస్తది. దీని గుట్టు తెలిస్తే అన్నీ చస్తాయి" అన్నారు.

గుట్టు తెలుసుకోవడానికి ఇంట్లో ఉన్న ఒకే ఒక్క లాంతరు గ్లాసు కావలసి వచ్చింది. ఆ రోజుల్లో గ్లాసు పగిలితే మళ్ళీ దొరకడం గగనం. ఆయన దాన్ని ఊడదీసి, లోపల ఒక లావుపాటి యూకలిప్టస్ కొమ్మ నిలబెట్టి, పురుగును వదిలి, రెండు వైపులా పల్చటి గుడ్డ కట్టి అరుగు గూట్లో పెట్టారు. గ్లాసు లేని లాంతరు పొగ కక్కుతుంటే ఆ పొగలోనే మేం అన్నాలు తినేవాళ్ళం. పురుగు మాత్రం అద్దాల మేడలో ఉండేది.

దానికి అల్లుడని పేరు పెట్టింది అత్తగారే. ఒకరోజు గ్లాసు ముందు కూర్చొని చాలాసేపు చూసి, "మీసాలు చూడవే అమ్మాయ్, అచ్చం మన అల్లుడివే" అంది. ఆవిడ కూతురికి, అంటే మా వదినగారికి భర్త, మా ఆయనకు బావగారు, వినుకొండ కోర్టులో గుమాస్తా. భారీ మనిషి, మీసాలు కూడా మనిషికి తగ్గట్టే ఉండేవి. మాటతీరు సౌమ్యమే గాని పట్టింపు జాస్తి. మా ఇంటికి వస్తే అరుగుకు ఆ చివర ఆయన, ఈ చివర మా ఆయన కూర్చునేవారు. ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలిసేది కాదు. ఆయన ఎండల గురించి ఒక మాట అంటే, మా ఆయన "అవునండీ" అనేవారు. అంతటితో ఆ పూటకు సరి.

అట్లా ఆ పురుగు మా ఇంట్లో అల్లుడైంది. "అల్లుడికి మేత పెట్టావా?" "అల్లుడు రాత్రి కొమ్మంతా గీకేశాడు." "అల్లుడికి ఎండ తగులుతోంది, గూట్లోకి జరుపు." ఇవే మా మాటలు. ఆయన పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గ్లాసు ముందు బాసిపట్టు వేసుకొని కూర్చుని, చూసింది చూసినట్టు మాకు చెప్పేవారు. పగలంతా అది కొమ్మను కరుచుకొని కదలకుండా ఉంటుంది. కొమ్మను కుదిపితే కాళ్ళు ముడుచుకొని దబ్బున కింద పడి చచ్చినట్టు నటిస్తుంది. ఆకు ముట్టదు, బెరడే తింటుంది.

ఒకరోజు బడికి వెళ్ళబోతూ గ్లాసులోకి చూసి ఆయన కొయ్యబారిపోయారు. పురుగు కొమ్మ అడుగుభాగాన పళ్ళతో చిన్న గాటు పెట్టి, వెనక్కి తిరిగి, ఆ గాట్లో వడ్లగింజలాంటి గుడ్డు ఒకటి పెట్టి, పైన జిగురుతో మెత్తేస్తోంది.

"అమ్మా!" అని అరిచారు. "అల్లుడు గుడ్డు పెట్టాడు!"

అత్తగారు పరుగెత్తుకొచ్చి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆడ పురుగని తేలినా పేరు మాత్రం మారలేదు. అప్పటికే నోటికి అలవాటైపోయింది.

గుట్టు చాలావరకు తేలిపోయింది కాబట్టి ఇక దాన్ని వదిలించుకొని గ్లాసు తిరిగి ఇమ్మని అత్తగారు పట్టుబట్టింది. ఆయన గుడ్డు పగిలి పిల్ల వచ్చేదాకా ఉంచాలంటారు. ఆ వాదన మర్నాడు పొద్దున తారస్థాయికి వెళ్ళింది. అత్తగారి గొంతు మామూలుగానే వీధి చివరికి వినపడేది. ఆ రోజు ఇంకొంచెం పెంచింది.

"ఒరేయ్, ఇంకెన్నాళ్ళు పెట్టుకుంటావురా అల్లుణ్ణి ఇంట్లో? పొద్దుగూకులూ మేస్తానే ఉండె! కదలడు, మెదలడు! తినడం, పడుకోడం తప్ప చేసే పనేముంది? ఇయ్యాల కిరసనాయిల్లో ముంచి అవతల పారేస్తావా, నన్ను పారెయ్యమంటావా?"

మా ఆయన ఏదో గొణిగారు. అంతలో వీధిలో ఎవరో గొంతు సవరించుకున్నట్టు వినపడింది. నేను బయటికి వచ్చి చూస్తే అరుగు మీద నేరేడు పళ్ళ బుట్ట ఒకటుంది. మనిషి లేడు. బుట్ట మీద కప్పిన తుండుగుడ్డ నేను గుర్తుపట్టాను. అది మా వదినగారు అంచు కుట్టి భర్తకిచ్చినది.

ఎదురింటి పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది. "మీ అల్లుడు ఇప్పుడే వచ్చి, గుమ్మంలో కాసేపు నిలబడి, మళ్ళీ బస్సుల వైపు పోయినాడే. మొహం కందగడ్డలాగుంది. ఏందమ్మా, ఏమైంది?"

ఏమైందో నాకు అప్పుడర్థమైంది. లోపలికి వెళ్ళి చెబితే అత్తగారు నెత్తిన చెయ్యి పెట్టుకొని పీట మీద కూలబడింది. మా ఆయన చేతిలో లాంతరు గ్లాసు ఉన్నదున్నట్టే పట్టుకొని వీధిన పడి పరుగెత్తారు. "నువ్వూ పో అమ్మాయ్, వాడికి మాట్లాడటం రాదు" అని అత్తగారు నన్ను తరిమింది. నేను పళ్ళబుట్ట చంకన పెట్టుకొని వెనకాల వెళ్ళాను. బుట్ట ఎందుకు తీసుకెళ్ళానో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ రోజుల్లో పెట్రోలు లేక బస్సులు బొగ్గుతో నడిచేవి. బస్సు వెనక పీపాలాంటి పొయ్యి ఒకటి బిగించి ఉండేది. క్లీనరు దాని పక్కన చక్రం తిప్పీ తిప్పీ చెమటలు కక్కితే తప్ప బస్సు కదిలేది కాదు. అన్నయ్యగారు (వదినగారి భర్తను నేను అన్నయ్యగారనే పిలిచేదాన్ని) మాచర్ల బస్సులో కిటికీ పక్కన కూర్చొని, గొడుగు రెండు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకొని, ఎటో చూస్తున్నారు. కోపంగా వెళ్ళిపోదామని బస్సెక్కిన మనిషికి బస్సు కదలకపోవడం కంటే కష్టం ఇంకొకటి ఉండదు.

"బావగారూ, దిగండి. అది మీరు కాదు" అన్నారు మా ఆయన కిటికీ కిందనుంచి, రొప్పుతూ.

"ఆ ఇంటికి అల్లుళ్ళు ఎంతమందయ్యా?" అన్నారు అన్నయ్యగారు. ఇటు చూడలేదు.

"మీరొక్కరే."

"మరి పొద్దుగూకులూ మేస్తన్నది ఎవరు? కిరసనాయిల్లో ముంచాల్సింది ఎవర్ని? నా చెవులారా విన్నా. అత్తగారి గొంతు నాకు తెలవదా?"

"దీన్నండీ." మా ఆయన గ్లాసు పైకెత్తి చూపించారు. "ఇది మా చెట్లు తినే పురుగు. దీనికి మేం అల్లుడని పేరు పెట్టుకున్నాం."

బస్సులో ఉన్నవాళ్ళంతా ఇటువైపుకు వంగారు. అన్నయ్యగారు కూడా చూడకుండా ఉండలేకపోయారు.

"పురుగుకి అల్లుడని పేరెందుకు పెడతారు? దాఖలా ఏంది?"

ఎండ తగిలిందో ఏమో, సరిగ్గా అప్పుడే గ్లాసులో పురుగు తన రెండు మీసాలూ ఇటొకటి అటొకటి చాచి మెల్లగా ఆడించింది. వెనక సీట్లో ఒక ముసలమ్మ ముందు గ్లాసులోకి చూసింది, తర్వాత అన్నయ్యగారి మొహంలోకి చూసింది.

"అబ్బో" అంది.

బస్సంతా ఒక్కసారి గొల్లుమంది. అన్నయ్యగారి చెవులు ఎర్రబడ్డాయి. మా ఆయన ఆయన్ని ఓదార్చాలని, "అదీగాక ఇది మగది కాదు బావగారూ. నిన్ననే గుడ్డు పెట్టింది" అన్నారు. అత్తగారు నన్నెందుకు పంపిందో నాకు అప్పుడు తెలిసింది. నేను ముందుకు వచ్చి, "అన్నయ్యగారూ, అత్తయ్య ఇంట్లో ఏడుస్తోంది. ఒక్కసారి వచ్చి వెళ్ళండి" అన్నాను. ఆయన నావైపు చూసి కొంచెం మెత్తబడ్డారు గాని కదల్లేదు.

అంతలో డ్రైవరు దిగి వచ్చి, బొగ్గు వానకు తడిసిందనీ, అందరూ దిగి తొయ్యాలనీ చెప్పాడు. మగవాళ్ళంతా దిగారు. అన్నయ్యగారు కూడా దిగక తప్పలేదు. ఆయన ఒక పక్క, మా ఆయన గ్లాసు నాకిచ్చి ఆయన పక్కనే ఇంకొక భుజం వేసి తోశారు. బస్సు రెండుసార్లు దగ్గి, నల్లగా పొగ వదిలి కదిలింది. తోసినవాళ్ళంతా పరుగెత్తి ఎక్కారు. అన్నయ్యగారు నాలుగడుగులు పరుగెత్తారు. పంచె అడ్డం పడింది. బస్సు వెళ్ళిపోయింది.

ఎక్కలేకపోయారా, ఎక్కదల్చుకోలేదా అన్నది ఆయన ఎన్నడూ తేల్చి చెప్పలేదు. కోర్టు భాషలో చెప్పాలంటే ఆ సంగతి వాయిదా మీదే ఉండిపోయింది. పొగకు ఇద్దరి మొహాలూ నల్లబడ్డాయి. ఒకరినొకరు చూసుకున్నారు. అన్నయ్యగారి పెదవి మీసాల కింద ఎక్కడో కదిలింది.

"ఏదీ, ఇట్టా పట్రా అమ్మా ఆ గ్లాసు" అన్నారు నాతో.

ఇంట్లో అత్తగారు అప్పటికే కోడిని కోయించి మసాలా నూరుతోంది. ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే, "నాయనా, నేనన్నది పురుగుని. నిన్ను ఏమన్లా" అంది.

"పురుగుకి నా పేరు పెట్టారు గాని, నాకు పురుగు పేరు పెట్టలా. అంతేగా అత్తా?"

మధ్యాహ్నం ఆయన విస్తట్లో కూర తరగనివ్వలేదు. అడిగినా అడక్కపోయినా వడ్డించింది.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి బావాబావమరుదులిద్దరూ దొడ్లో ఉన్నారు. మొక్క కింద పాత దుప్పటి పరిచి, కాండం పట్టుకొని ఒక్క కుదుపు కుదుపుతున్నారు. పురుగులు టపటపా రాలి, కాళ్ళు ముడుచుకొని పడుంటున్నాయి. వాటిని ఏరి, పైన కాస్త కిరసనాయిలు తేలేట్టు పోసిన నీళ్ళ కుండలో వేస్తున్నారు. గ్లాసులోని అల్లుడు కూడా అప్పటికే అందులోకి చేరాడు, గ్లాసు లాంతరుకు తిరిగొచ్చింది. చేతిలో ప్రతి పురుగూ కిర్రుమనేది. అన్నయ్యగారు దాన్ని మొహం దగ్గరికి తెచ్చుకొని, "ఏంది, అప్పీలా? అప్పీలు లేదు" అని కుండలో పడేసేవారు. మా ఆయన పురుగుల్ని చదువు కోసం చంపేవారు. అన్నయ్యగారికి మాత్రం అది సొంత వ్యవహారం.

గుడ్లను కనిపెట్టడంలో కూడా అన్నయ్యగారి కళ్ళు చురుకు. కాగితాల్లో కొట్టివేతలు పట్టుకొనే చూపు కదా. మోకాళ్ళ మీద వంగి, ప్రతి కాండం మొదలూ చుట్టూ తడిమి, గ్లాసులో కొమ్మ మీద చూసినలాంటి జిగురు మెత్తిన గాటు ఎక్కడుంటే అక్కడ గోటితో గీకేసేవారు. వినుకొండ వెళ్ళేరోజున, "వారం వారం చూడు. ఉత్తరం రాయి" అని మా ఆయనకు చెప్పి వెళ్ళారు. వాళ్ళిద్దరూ అన్ని మాటలు మాట్లాడుకోవడం అదే మొదలు.

కానీ ఇద్దరి కళ్ళూ తప్పించుకున్న గుడ్లు కొన్ని ఉన్నాయి. వానలు వెనకపట్టాక రెండు మూడు చెట్ల మొదట్లో రంపపు పొట్టులాంటిది కుప్పగా కనిపించింది. ఊడ్చేస్తే మర్నాటికి మళ్ళీ వచ్చేది. ఒక చెట్టయితే ఆకులన్నీ పాలిపోయి నిలువునా ఎండింది. ఆయన దాన్ని కొట్టి, మొద్దును చీల్చి చూపించారు. గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు, వేలెడంత తెల్లటిది, కాళ్ళు లేనిది, కాండం మధ్యలో సొరంగం తవ్వుకుంటూ వేరులోకి దిగిపోయింది. తిన్నది తింటూ, పొట్టును మొదట్లో ఉన్న చిల్లిగుండా బయటికి నెట్టేస్తోంది. మళ్ళీ తొలకరిదాకా అది అక్కడే ఉండి, మీసాలు మొలిచాక బయటికొస్తుందన్నమాట.

పైన తిరిగే పురుగును దులిపి పట్టవచ్చు గాని, వేరులో ఉన్నదాన్ని ఏం చేస్తాం? చిల్లిలో కిరసనాయిలు పొయ్యడం తప్ప వేరే దారి లేదు. అప్పుడేమో కిరసనాయిలు కంట్రోలు. నెలకు ఇచ్చేదే సీసాడు. ఆయన చెట్లకు పోసి వచ్చేసరికి లాంతరు అడుగంటింది. ఆ సాయంత్రం ఆముదపు దీపం ముందు కూర్చొని ప్రార్థన చేసుకున్నాం. ప్రార్థన చివర్లో అత్తగారు, "ప్రభువా, ఈ ఇంటికి వెలుగునివ్వు" అని కొంచెం గట్టిగానే అంది. మా ఆయన కళ్ళు తెరవలేదు.

ఆయన బావగారికి ఉత్తరం రాశారు. జవాబు రాలేదు. దసరాకు కోర్టు సెలవులివ్వగానే మనిషే వచ్చారు. సంచిలోంచి బట్టల మధ్య దాచిన కిరసనాయిలు సీసా తీశారు. బట్టలన్నీ అదే వాసన. ఇంకా పాత గొడుగు ఊచలు ఒక కట్ట, దూదిపింజలు. మేమందరం చూసింది అవి కాదు. ఆయన మీసాలు సగానికి సగం కత్తిరించుకొని వచ్చారు. అత్తగారు మంచినీళ్ళు తెస్తానని లోపలికి వెళ్ళి చాలాసేపటిదాకా బయటికి రాలేదు.

గొడుగు ఊచ సన్నగా, వంగేట్టు ఉంటుంది కాబట్టి చిల్లిలోకి చక్కగా దూరేది. ముందు పొట్టంతా తోడి, ఊచను లోపలికి పోనిచ్చి, మెత్తగా ఏదో తగిలేదాకా నెట్టేవారు. తర్వాత కిరసనాయిల్లో ముంచిన దూదిని ఊచతోనే కూరి, పైన బంకమట్టితో మూసేవారు. మర్నాడు మట్టి మీద కొత్త పొట్టు లేకపోతే పురుగు చచ్చినట్టు, ఉంటే మళ్ళీ మొదలు. అది నిజంగా చచ్చిందా లేదా తేల్చుకోవడానికి కాండానికి చెవి ఆనించి వినేవారు. బతికుంటే కరకరమని కొరికే చప్పుడు వస్తుందని మా ఆయన కనిపెట్టారు.

సెలవులు అయిపోవచ్చాయి. అన్నయ్యగారు వెళ్ళే ఊసెత్తలేదు. అప్పుడు చెప్పాపెట్టకుండా మా వదినగారే బస్సు దిగి వచ్చింది. పుట్టింటికి వచ్చిన సంబరమేమీ ఆవిడ మొహంలో లేదు.

"ఏడమ్మా ఈయన? రెండు రోజులని చెప్పి వచ్చినాడు. ఇంట్లో ఉప్పుందో పప్పుందో అక్కర్లేదా?"

అత్తగారు దొడ్డివైపు చెయ్యి చూపించింది. వదినగారితోపాటు నేనూ వెళ్ళాను. అక్కడ ఆవిడ మొగుడూ, ఆవిడ తమ్ముడూ చెట్టుకు చెరోవైపు నేలమీద బోర్లా పడుకొని, కాండం మొదలుకు చెవులు ఆనించి, కళ్ళు మూసుకొని ఉన్నారు. ఇద్దరి వీపుల నిండా ఎండుటాకులు.

"ఇదా మీరు చేస్తన్న రాచకార్యం!" అంది వదినగారు.

"ష్! మాట్లాడమాక" అన్నారు అన్నయ్యగారు కళ్ళు తెరవకుండానే. "లోపల ఉంది."

"ఏముంది?"

"వచ్చి విను."

ఆవిడ నావైపు చూసింది. నేను నవ్వు ఆపుకుంటూ పక్కకు తిరిగాను. కాసేపు నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడి, చివరికి కొంగు నడుముకు దోపి, మోకాళ్ళ మీద కూర్చొని, తమ్ముడు జరిగిన చోట చెవి ఆనించింది. ముందు చిరాగ్గా, తర్వాత అనుమానంగా, ఆ తర్వాత ఆశ్చర్యంగా మారింది ఆవిడ మొహం.

"కొరుకుతోందయ్యో!" అంది.

"నే చెప్పలా!" అన్నారు అన్నయ్యగారు.

"పడుకోండి పడుకోండి, లేవమాకండి. ఇంకొంచెం కిందికుంది చప్పుడు. ఊచ ఇటు పెట్టాలి, అటు కాదు" అంది వదినగారు.

ఆ పురుగును ఆవిడే చంపింది. మిగతా ఇద్దరూ చిల్లికి ఎగువన పొడుస్తుంటే ఆవిడ వేరువైపు పొడవమంది. తర్వాత మట్టి మీద కొత్త పొట్టు పడలేదు. భార్యాభర్తలిద్దరూ ఇంకొక రెండు రోజులుండి కలిసే వెళ్ళారు. బస్సు దాకా సాగనంపడానికి వెళ్ళినప్పుడు అన్నయ్యగారు కిటికీలోంచి వంగి మా ఆయనకు ఏవో జాగ్రత్తలు చెబుతూనే ఉన్నారు. క్లీనరు చక్రం ఎంతసేపు తిప్పినా ఈసారి ఎవరికీ తొందర లేదు.

ఎనిమిదింటిలో రెండు పోయాయి. కొట్టేశాక నేలలో మిగిలిన మొదళ్ళలో ఒకటి మాత్రం సంక్రాంతి వెళ్ళాక పక్కనుంచి గుత్తిగా చిగుళ్ళు వేసింది. ఆయన వాటిలో బలమైనదాన్ని ఉంచి మిగతావి తుంచేశారు. తర్వాతి తొలకరికి పురుగులు మళ్ళీ వచ్చాయి గాని, బాగా తక్కువ. బడికి వెళ్ళేముందు ఆయనా, అంట్లు తోమేముందు నేనూ దుప్పటి పరిచి దులపడం మాకు పళ్ళు తోముకోవడంలాగే అలవాటైపోయింది. గోడ అవతల పెదనాన్న కూడా మమ్మల్ని చూసి చూసి, చిల్లులు పడ్డ తన తుమ్మకొమ్మలు నరికించి పొయ్యిలోకి పంపాడు. అడిగితే మాత్రం వంటచెరుకు కోసమేనన్నాడు.